ముక్కు చెప్పిన సాక్ష్యం

“మీ అత్తగారి ముక్కే మీమీద సాక్షి. ఇంకేం కావాలి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్, బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ.

బల్లకు అవతల కూర్చున్న కోడలు తల ఎత్తలేదు. కుడి అరచేతికి ఉన్న కట్టును ఎడమచేత్తో సరిచేసుకుంటూ కూర్చుంది. ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి కొలతలు తీసుకోవడమే ఆమె వృత్తి. అలాంటి మనిషి నిన్న మధ్యాహ్నం నుంచి ఎవరి కళ్ళలోకీ చూడడం లేదు.

గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న డిటెక్టివ్ ఆ సంగతి గమనించింది. నడివయసు మనిషి. బీమా కంపెనీ తరఫున ఏళ్ళ తరబడి కాలిపోయిన ఇళ్ళూ గోదాములూ చూసి, నిప్పు ఏ మూల పుట్టిందో తేల్చి చెప్పిన అనుభవం ఆమెది. ఆ ఉద్యోగం మానేశాక అదే పని సొంతంగా చేస్తోంది. ఈ కేసులోకి ఆమెను పిలిచినవాడు ఆ అత్తగారి కొడుకు, ఈ కోడలి భర్త. లారీ నడుపుతాడు. ఎక్కడో దూరాన రోడ్డు మీద ఉండి, నిన్న సాయంత్రం ఫోన్లో ఏడుపు ఆపుకుంటూ, “మేడం, నాకు మా అమ్మా కావాలి, నా భార్యా కావాలి. ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోమంటే నేను చచ్చిపోతాను” అన్నాడు.

ఇక ఇన్‌స్పెక్టర్ సంగతి. అతను డిటెక్టివ్‌కి స్వయానా మరిది. పండక్కో పబ్బానికో ఒకే బల్ల దగ్గర భోంచేసే ఈ ఇద్దరూ కేసుల దగ్గర మాత్రం ఎడమొహం పెడమొహం.

“ఒక్కసారి మొదటినుంచీ చెప్పు మరిదీ. నేను విననిది ఏమైనా ఉందేమో,” అంది డిటెక్టివ్.

“వినండి వదినా, దాచేదేముంది. ఈవిడ అత్తగారు హాస్టల్ క్యాంటీన్‌లో వంటపెద్ద. సెలవులని క్యాంటీన్ మూసేశారు, అందుకని ఇంట్లో ఉంది. నిన్న పొద్దున ఇంట్లో గ్యాసుపొయ్యి విప్పి కడుక్కుంది. తర్వాత దాని మీద పాలు పెట్టి, పక్కగదిలో నడుం వాల్చింది. మధ్యాహ్నం ఈవిడ సైకిలేసుకుని వచ్చింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత అత్తగారిని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. ఆవిడేమో ‘వదులే, నాకేమైంది’ అని అరుస్తోంది. ఎదురింటి దర్జీ కళ్ళారా చూశాడు. ఆవిడ విదిలించుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. భగ్గుమంది. రెండు కాళ్ళూ పిక్కల దాకా కాలాయి. ప్రాణానికి భయం లేదన్నారు, అది ఆవిడ అదృష్టం.”

“ముక్కు సంగతి?”

“అదే అసలు సంగతి. ఆసుపత్రిలో ఆవిణ్ణి అడిగాను. ‘అమ్మా, కోడలు రాకముందు గ్యాసు వాసన ఏమైనా వచ్చిందా?’ అని. ‘వాసన రావడమా! నా ముక్కు దాటి గ్యాసు పోతుందా బాబూ? చుక్క వాసన లేదు’ అంది. అంటే ఏమిటి? ఈవిడ వచ్చేదాకా గ్యాసు లేదు. ఈవిడ వచ్చాకే ఉంది. రెగ్యులేటరూ గొట్టమూ సబ్బుతో కడిగేసి ఉన్నాయి. వాటి మీద వేలిముద్రలు ఈవిడవి మాత్రమే. పైగా అత్తాకోడళ్ళకి రోజూ సాయంత్రం గొడవ. ‘నా పొయ్యి జోలికి రావద్దు’ అని ఆవిడ అరుపులు వీధి వీధంతా విన్నారు. సాయంత్రం కోర్టుకి తీసుకెళ్తున్నాను.”

డిటెక్టివ్ కుర్చీ జరుపుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

“అమ్మాయ్, నిన్న మధ్యాహ్నం దుకాణం వదిలి ఇంటికి ఎందుకొచ్చావ్?”

“అన్నానికి.”

“నీ అన్నం డబ్బా ఇంకా దుకాణంలోనే ఉందట. మూత కూడా తియ్యలేదు.”

“అత్తయ్య ఫోను ఎత్తలేదు.”

“ఫోను ఎత్తకపోతే, నిద్రపోతోంది కాబోలు అనుకుంటారు ఎవరైనా. నువ్వు ఎండలో సైకిలు తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చావ్. దేనికి భయపడ్డావ్?”

కోడలు కట్టును ఇంకాస్త బిగించుకుంది.

“సరే. లోపలికి వెళ్ళగానే గ్యాసు వాసన వచ్చిందా నీకు?”

కట్టు అంచున ఒక దారం లేచి ఉంది. కోడలు దాన్ని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

“నాకు గుర్తులేదండీ.”

“చూశారా!” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “నీళ్ళు నములుతోంది.”

డిటెక్టివ్‌కి మాత్రం ఆ జవాబు మరోలా వినిపించింది. నేరం చేసిన మనిషి అయితే ముందుగా పట్టుకునే గడ్డిపరక ఆ మాటే. ‘ఇల్లంతా గ్యాసు కంపండీ, అందుకే ఆవిణ్ణి బయటికి లాక్కొచ్చాను’ అనేస్తే సగం కేసు అక్కడే తేలిపోతుంది. ఆ ఒక్క మాట ఈ అమ్మాయి నాలుక చివరన ఉంది. తనను తాను కాపాడుకునే మాటను ఎవరైనా మింగేస్తున్నారంటే, దాని వెనకాల ఇంకెవరినో దాస్తున్నారని అర్థం.

“వంటిల్లు చూడాలి,” అంటూ లేచింది.

“చూడండి, చూడండి. మా వాళ్ళు చూసిందే కదా.”

“మీ వాళ్ళు చూడనిది చూస్తాను.”

“వదినా, ఇంట్లో మీరు పెట్టిన ముద్ద తింటాను. ఇక్కడ మీ మాటకి తలొగ్గను, ముందే చెబుతున్నా.”

“తిన్న గిన్నె ఏనాడూ కడిగినవాడివి కాదు. కేసులూ అలాగే సగం సగం వదిలేస్తావ్. పద.”

ఆ వంటిల్లు చిన్నది. ఎత్తుగా తెరిచి ఉన్న ఒక కిటికీ, జానెడు ఎత్తున గడప, ఒక మూల ఫ్రిజ్జు, గట్టు మీద రెండు పొయ్యిల స్టవ్వు, గట్టు కింద రెగ్యులేటరు కట్టేసి ఉన్న సిలిండరు. డిటెక్టివ్ గడప దాటగానే చేసిన మొదటి పని నేల మీద చతికిలబడటం. ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

“ఏమిటి వదినా, భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నారు?”

“నిప్పు ఎక్కడిదాకా లేచిందో చూస్తున్నాను. ఈ తెర చూడు. కింద అంచే మాడింది, పైన పువ్వులు పువ్వుల్లాగే ఉన్నాయి. ఈ ప్లాస్టిక్ బకెట్టు అడుగున కరిగింది, పిడి చెక్కుచెదరలేదు. గట్టు మీద కాగితం సంచి ఉంది, దానికి వేడి కూడా తగల్లేదు. నిప్పు మోకాళ్ళ దాకానే లేచింది.”

“అయితే?”

“వంటగ్యాసు గాలికన్నా బరువు. నీళ్ళలా నేల పట్టుకుని పాకుతుంది. ఈ గడప దానికి గట్టు కట్టింది. తలుపు తీసినా బయటికి పోలేదు. కిటికీ తీసినా అది పైన ఉంది, గ్యాసు కింద ఉంది. ఫ్రిజ్జు తనంతట తాను ఆగి ఆగి మొదలవుతుంది కదా, మొదలయ్యేటప్పుడు వెనకాల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఫ్రిజ్జు వెనక అడుగున ఆ నలుపు చూడు. అక్కడ అంటుకుంది.”

“సరే, అంటుకుంది. గ్యాసు వదిలిందెవరు? నా ప్రశ్న అదొక్కటే.”

డిటెక్టివ్ లేచి స్టవ్వు దగ్గరికి వెళ్ళింది. పెద్ద బర్నరు ఇత్తడి నిగనిగలాడుతోంది. తొట్టి పక్కన పాత పళ్ళ బ్రష్షు, వెనిగర్ సీసా, ఆరబెట్టిన గుడ్డ వరసగా ఉన్నాయి. పెద్దావిడ పని నేర్పు వాటిలోనే కనిపిస్తోంది. బర్నరు రంధ్రాలను సూదితో పొడిచి పెద్దవి చెయ్యలేదు, బ్రష్షుతోనే శుభ్రం చేసింది. ఆ మెరిసే ఇత్తడి మీద ఒక పక్క మాత్రం పాలు ఎండి పొలుసులు కట్టాయి. సగం రంధ్రాలు పూడుకుపోయాయి. నాబు సన్నమంట గుర్తు దగ్గర ఉంది.

“పాలు పొంగి మంట ఆరిపోయింది. నాబు తెరిచే ఉంది. గ్యాసు సన్నగా వస్తూనే ఉండిపోయింది,” అంది.

“లేదా కోడలు వచ్చి నాబు తిప్పింది.”

“దర్జీ ఏమన్నాడు? ఆ అమ్మాయి లోపల ఎంతసేపు ఉందట?”

ఇన్‌స్పెక్టర్ తల గోక్కున్నాడు. “ఆవిడ సైకిలు దిగినప్పుడు ఒక చొక్కాకి కాలరు పెట్టడం మొదలుపెట్టాడట. కాలరు పూర్తవకముందే ఇద్దరూ బయటికొచ్చారట.”

“అదీ సంగతి. స్టవ్వులో గ్యాసు వచ్చే రంధ్రం సూదిమొనంత. నాబు పూర్తిగా తిప్పినా, ఈ గదిలో మోకాళ్ళ దాకా నిప్పంటుకునేంత గ్యాసు చేరాలంటే ఎంత లేదన్నా అరగంట పైనే పడుతుంది. సన్నమంట మీదైతే ఇంకా ఎక్కువ. గొట్టం ఊడలేదు, కోయలేదు. కాలరు కుట్టినంతసేపట్లో ఈ పని ఎవరివల్లా కాదు. గ్యాసు ఆ అమ్మాయి రాకముందే, చాలాముందే, నేలంతా పరుచుకుంది. ఆ అమ్మాయి వచ్చి రెగ్యులేటరు కట్టేసింది, కిటికీ తీసింది. లైటు స్విచ్చు ముట్టుకోలేదు. అత్తగారిని లాక్కుని బయటపడింది. చంపాలనుకున్న మనిషి ఇవన్నీ వరసగా, సరిగ్గా చేస్తుందా?”

“మరి ముక్కు? ఆ పెద్దావిడ ముక్కు మామూలుది కాదు వదినా. గుమ్మంలో నిలబడి ఏ గిన్నెలో ఉప్పు తగ్గిందో చెప్తుందట. హాస్టల్ అంతా అదే మాట.”

“ఉప్పుకి వాసన ఉండదు, బాబూ.”

గోడకు ఆనుకున్న ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడ్డాడు.

“వాళ్ళు ముచ్చటపడి పొగిడారు. నువ్వు ఆ పొగడ్తని సాక్ష్యంగా రాసుకున్నావ్. ఉప్పు ఎంత పడిందో ఆవిడ చేతికి తెలుసు, అందుకే చెప్పగలిగింది. ఆవిడ అబద్ధమాడుతోందని నేననను. ఆవిడకి నిజంగానే వాసన రాలేదు. గ్యాసు మాత్రం ఉంది. రెండూ నిజమే అయితే మిగిలేది ఒక్కటే.”

“ముసలితనంలో వాసన పోయిందంటారా? పోతే ఆవిడకి తెలియదూ?”

“చూపు మెల్లగా మందగిస్తే, దీపాల్లోనే వెలుగు తగ్గిందంటారు. ఇదీ అంతే. చేతి అంచనా మీద వంట కుదురుతున్నంతకాలం ఎవరికి అనుమానం వస్తుంది?”

సిలిండరు వెనకాల ఒక స్టీలు గిన్నె ఉంది. అందులో ఒక గడ్డం గీసుకునే బ్రష్షు. ఇన్‌స్పెక్టర్ దాన్ని వేలితో చూపించాడు.

“ఇదిగో, వేలిముద్రలు చెరిపిన వస్తువు. మా వాళ్ళు దీన్నీ చూశారు.”

“ముద్రలు చెరిపేవాళ్ళు గుడ్డతో తుడుస్తారు. బ్రష్షు తుడవడానికి కాదు, రాయడానికి.” డిటెక్టివ్ గొట్టం చివర బిగించిన క్లిప్పు దగ్గర గోటితో గీకింది. సబ్బు తెల్లగా, పొరలు పొరలుగా రాలింది. “ఇది నిన్న ఒక్కరోజు రాసింది కాదు. నెలల తరబడి రాసింది. గొట్టానికీ రెగ్యులేటరుకీ సబ్బునురుగు రాస్తే, గ్యాసు కారుతున్నచోట బుడగ లేస్తుంది. ముక్కు అక్కర్లేకుండా కంటితో పట్టుకునే ఉపాయం. గోడ మీద ఫోటోలో కొడుక్కి ఛాతీ దాకా గడ్డం. మరి ఈ బ్రష్షు ఈ ఇంట్లో ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు? రోజూ సాయంత్రం కోడలు వంటింట్లో దూరి దీనితో గొట్టం పరీక్ష చేసింది. ‘నా పొయ్యి నేను చూసుకోలేనా’ అని అత్తగారు విరుచుకుపడింది. కారణం చెప్పకుండా ఈ అమ్మాయి తిట్లు తింది. నీ వీధి వీధంతా విన్న గొడవ అదే.”

ఇన్‌స్పెక్టర్ గిన్నెలోకి కాసేపు చూశాడు. గొంతు కాస్త తగ్గింది. పట్టు మాత్రం తగ్గలేదు.

“బాగుంది. కథలా ఉంది. కోర్టులో కథలు నిలబడవు వదినా. పెద్దావిడ వాంగ్మూలం నిలబడుతుంది. ఆవిడ ముక్కు చచ్చిందని మీరు రుజువు చెయ్యండి, అప్పుడు చూద్దాం.”

“చేస్తాను. ఆవిడకి తెలియకుండా చేస్తాను. అది నా షరతు.”

“అదేం షరతు?”

“ఆ పిల్ల జైలుకి వెళ్ళడానికి సిద్ధపడి మరీ దాచిన విషయం. దాన్ని ఆవిడ మొహం మీద విసిరే హక్కు మనకి లేదు.”

అతను వెనిగర్ సీసా చేతికి తీసుకున్నాడు. “అయితే ఇది పట్టుకెళ్దామా? ముక్కులు పగిలిపోతాయి.”

“అందుకే వద్దు. వాసన తెలియనివాళ్ళకి కూడా దాని ఘాటు ముక్కులో మంటలా తెలుస్తుంది. పరీక్ష తప్పుతుంది. మంట పుట్టించని వాసన కావాలి.”

దారిలో ఒక బేకరీ ముందు జీపు ఆపించి, కేకుల్లో వేసే వెనిల్లా ఎసెన్సు సీసా ఒకటి కొంది.

ఆసుపత్రిలో పెద్దావిడ మంచం మీద దిండుకు ఆనుకుని దర్జాగా కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ కట్లలో ఉన్నాయి. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన జావను మూత పెట్టి పక్కకి నెట్టేసింది. కంగారు పెట్టొద్దని డాక్టరు చెప్పడం వల్ల, కోడల్ని పట్టుకున్న సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆడ కానిస్టేబుల్ పక్కన నడుస్తూ కోడలు గదిలోకి రాగానే ఆవిడ మొహం వికసించింది. మరుక్షణం గొంతు మాత్రం గట్టిపడింది.

“ఇప్పుడా రావడం? అన్నం తిన్నావా? మొహం చూడు, వాడిపోయిన కాడలా ఉంది. చేతికేమైందే?”

“ఏం లేదత్తయ్యా. కొంచెం వేడి తగిలింది.”

“నన్ను లాగినప్పుడా?”

“అబ్బే, కాదు.”

అది కూడా అబద్ధమేనని గదిలో అందరికీ తెలుసు, పెద్దావిడతో సహా. ఆవిడ ఆ చేతిని అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“ఈవిడెవరే?”

“కాలిన ఇళ్ళు చూసే పని నాది, అమ్మా,” అంది డిటెక్టివ్ స్టూలు లాక్కుని కూర్చుంటూ. “మీ వంట గురించి చాలా విన్నాను. మీ ముక్కు గురించి ఇంకా ఎక్కువ విన్నాను. నాకో చిన్న సరదా. కళ్ళు మూసుకుని, రెండు గ్లాసుల్లో ఏముందో వాసన చూసి చెప్పగలరా?”

“ఓస్, ఇంతేనా! ఇవ్వండి.”

గ్లాసులు తెచ్చినవాడు ఇన్‌స్పెక్టర్. ఏది ఏ గ్లాసో డిటెక్టివ్‌కి తెలియకూడదని అతనే వరండాలో రెండిట్లోనూ నీళ్ళు పోసి, ఒకదాంట్లో వెనిల్లా కలిపి, అటూ ఇటూ మార్చి పట్టుకొచ్చాడు. అంతవరకు అతని పద్ధతిని తప్పుపట్టలేం. మూతలు తియ్యగానే గదిలోని మందుల వాసనను తోసుకుంటూ వెనిల్లా పరిమళం గుప్పున లేచింది. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ అప్రయత్నంగా గట్టిగా గాలి పీల్చింది.

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, అలవాటైన మనిషిలా ఒక్కసారి లోపలికి పీల్చింది.

“నీళ్ళు.”

రెండో గ్లాసు పట్టుకుంది. ఈసారి కాస్త ఎక్కువసేపు చూసింది. నుదురు ముడిపడి, విడిపోయింది.

“ఇదీ నీళ్ళే. ఏమండోయ్, నన్ను ఆటపట్టిస్తున్నారా?”

ఇన్‌స్పెక్టర్ గోడకేసి చూశాడు. ఆ క్షణంలో కోడలు మొట్టమొదటిసారి తలెత్తి డిటెక్టివ్ కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ చూపులో వేడికోలు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత అత్తగారి వైపు తిరిగి, పెద్దావిడ చేతిలోని గ్లాసును మెల్లగా అందుకుంది.

“అవునత్తయ్యా. రెండూ నీళ్ళే.”

ఇన్నేళ్ళ వృత్తిలో డిటెక్టివ్ ఎన్నో అబద్ధాలు పట్టుకుంది. ఒక మనిషి నిర్దోషి అని రుజువు చేసిన అబద్ధాన్ని వినడం మాత్రం ఇదే మొదలు. మరిది వైపు చూసింది. అతను సన్నగా తల ఊపాడు. చాలు, అర్థమైంది అన్నట్టు. ఇక ఎవరూ ఏమీ అనకుండా గ్లాసులు తీసుకుని బయటికి నడిస్తే సరిపోయేది.

అప్పుడే నర్సు మందుల పళ్ళెంతో లోపలికొచ్చింది.

“ఎవరిదండీ పుట్టినరోజు? కేకు వాసన వరండా దాకా వస్తోంది! నాకో ముక్క ఉంచండి.”

నర్సు అందరి మొహాలూ చూసి, తానేం తప్పన్నదో తెలియక పళ్ళెం పెట్టి వెళ్ళిపోయింది.

పెద్దావిడ కళ్ళు తెరిచింది. కోడలి చేతిలో ఉన్న గ్లాసుకేసి చూసింది. ఇన్‌స్పెక్టర్‌కేసి చూసింది. కోడలి భుజం పక్కనే కాచుకుని నిలబడ్డ కానిస్టేబుల్‌కేసి చూసింది. ఏళ్ళ తరబడి పెద్ద వంటిల్లు నడిపిన మనిషి. ఎవరు ఎందుకు నిలబడ్డారో ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు.

“బాబూ,” అంది మెల్లగా, “నేనన్న మాట మీదనేనా దీన్ని పట్టుకున్నారు?”

ఇన్‌స్పెక్టర్ టోపీ చేతుల్లోకి తీసుకున్నాడు. “అవునమ్మా.”

“ఎన్నాళ్ళయిందే?” అంది కోడలితో.

“అత్తయ్యా, అదేం లేదు…”

“ఎన్నాళ్ళయింది?”

“పోయిన చలికాలం. మీ నీలం చీర ఇస్త్రీపెట్టె కింద మాడిపోతోంది. మీరు పక్కనే కూర్చుని నాకు కబుర్లు చెబుతున్నారు. గది నిండా పొగ వాసన. మీకు తెలియలేదు.”

“నువ్వే మాడ్చావన్నాను.”

“నేనే మాడ్చానన్నాను.”

“నాకెందుకు చెప్పలేదే? మొద్దూ! చెబితే నేనేమైనా కొరుకుతానా?”

“చెబితే మీరు ఇంక పొయ్యి వెలిగించరు,” అంది కోడలు. నిన్నటినుంచి బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. “క్యాంటీన్‌కి వెళ్ళడం మానేస్తారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాకు మీరు అలా వద్దు. పొయ్యి దగ్గర నిలబడి నన్ను తిడుతూనే ఉండండి. గొట్టం సంగతి, నాబు సంగతి నేను చూసుకుంటాననుకున్నాను. రోజూ మధ్యాహ్నం ఫోను చేసి మాటల్లో పెట్టి, పొయ్యి కట్టేశారో లేదో అడుగుతూనే ఉన్నాను. నిన్న మీరు ఫోను ఎత్తలేదు.”

పెద్దావిడ ఆ కట్టున్న చేతిని రెండు చేతులతో పట్టుకుని గుండెకు ఆనించుకుంది. డిటెక్టివ్ కిటికీ వైపు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ టోపీ అంచు మీద లేని దుమ్ము దులుపుతున్నాడు.

“రాసుకో బాబూ,” అంది చివరికి పెద్దావిడ. “నా ముక్కు పనిచెయ్యడం లేదని రాసుకో. పాలు నేనే పెట్టాను, నేనే మర్చిపోయాను. ఇది నన్ను కాపాడటానికే వచ్చింది. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు.”

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు. పెద్దావిడ చెయ్యి చాచి, సగంలో ఆగిపోయింది. మొహంలో రంగు మారింది.

“ఇంట్లో నువ్వున్నావు,” అంది కోడలితో. “అక్కడెవరున్నారే?”

“ఎక్కడత్తయ్యా?”

“క్యాంటీన్‌లో. సెలవులిచ్చే ముందురోజు పెద్ద పొయ్యిలన్నీ విప్పి కడిగాను. బిగించి, ఒక్కొక్కటీ వెలిగించి చూశాను. రోజూ తాళం వేసేముందు గుమ్మంలో నిలబడి ఒకసారి గాలి పీలుస్తాను. వాసన లేకపోతే అన్నీ కట్టేసినట్టే. ఎన్నో ఏళ్ళుగా నా లెక్క అదే. ఆ రోజూ పీల్చాను. వాసన లేదు. తాళం వేసుకుని వచ్చేశాను.”

డిటెక్టివ్ గిర్రున తిరిగింది. “క్యాంటీన్ మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?”

“రేపటి వంటకి సామాను సర్దాలని గిన్నెలు కడిగే ఆవిడ ఇవాళ సాయంత్రం వస్తుంది. రెండో తాళంచెవి దాని దగ్గరుంది. ఆ గదిలో పగలే చీకటి. తలుపు తియ్యగానే అది చేసే మొదటి పని లైటు వెయ్యడం.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను తీశాడు. “ఆవిడ నంబరు?”

“ఆవిడకి వద్దు,” అంది డిటెక్టివ్. “ఇప్పటికే లోపల ఉంటే, చీకట్లో ఫోను వెతుక్కోవడానికే లైటు వేస్తుంది. గేటు దగ్గర కాపలా ఎవరైనా ఉంటారా?”

వాచ్‌మన్ నంబరు కోడలికి కంఠతా వచ్చు. చెప్పేసింది. ఫోను మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. చివరికి ఎవరో ఎత్తారు. ఇన్‌స్పెక్టర్ స్పీకరు పెట్టాడు.

“గిన్నెలు కడిగే ఆవిడ వచ్చిందా?”

“ఇప్పుడే లోపలికి వెళ్ళింది సార్. తాళం తీస్తున్న చప్పుడవుతోంది.”

“ఆపు! పరిగెత్తు! స్విచ్చు ముట్టుకోనివ్వకు!”

చెప్పుల చప్పుడు, ఆయాసం, తలుపు కిర్రుమన్న శబ్దం. “అమ్మాయ్! ఆగు! లైటు వెయ్యకు!” తర్వాత ఏమీ వినిపించలేదు. పెద్దావిడ గోళ్ళు కోడలి మణికట్టులో దిగిపోయాయి.

ఫోనులో ఒక ఆడగొంతు, విసుగ్గా వినిపించింది.

“ఏంటన్నా ఆ కేకలు? లైటెందుకు వేస్తాను, ముందీ కంపేంటో చూడు! గుమ్మంలోనే కడుపులో తిప్పేస్తోంది.”

“వెనక్కి రమ్మను,” అంది పెద్దావిడ. వంటిల్లు నడిపే గొంతు అది. “లోపలికి అడుగు పెట్టొద్దని చెప్పు. అగ్గిపుల్ల, ఫ్యాను, ఏదీ వద్దు. తలుపు బార్లా తెరిచి వదిలెయ్యమను. సిలిండర్లు వెనక పెరట్లో ఉన్నాయి, అక్కడికి బయటినుంచే వెళ్ళి ఒక్కొక్క వాల్వూ కుడివైపుకి తిప్పి కట్టెయ్యమను. పైగదుల్లో ఎవరైనా ఉంటే కిందికి దింపమను.”

ఇన్‌స్పెక్టర్ మాట పొల్లుపోకుండా అన్నీ ఫోనులో చెప్పాడు. చెబుతూనే మరో చేత్తో కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. ఆమె కోడలి పక్కనుంచి తప్పుకుంది.

“నేను బయల్దేరుతున్నా. అగ్నిమాపకం వాళ్ళని కూడా పిలుస్తాను,” అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, “వదినా, మీరూ వస్తారా?” అన్నాడు. ఆ గొంతులో పోటీ లేదు.

డిటెక్టివ్ లేచింది. పెద్దావిడ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది.

“దీన్ని కూడా తీసుకెళ్ళు బాబూ,” అంది, కోడలి వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోస్తూ. “అక్కడ వాసన పూర్తిగా పోయిందని ఎవరు చెప్పినా నేను నమ్మను. ఇది చూసొచ్చి చెబితేనే నమ్ముతాను.”